మాదన్న గుర్రానికి మంత్రి పదవి

ఆదోని రైలు స్టేషను ముందు జట్కాలు బారుగా నిలబడి ఉండేవి. వాటిలో మాదన్న జట్కా ఏదని ఎవరైనా అడిగితే, "యాడ నవ్వులు ఇనపడితే ఆడికి పో అప్పా" అనేవాళ్ళు. మనిషి జొన్నదంటులా సన్నంగా, పొడుగ్గా ఉండేవాడు. ముఖం చూస్తే పూజారి ముఖమంత నిమ్మళం. నోరు తెరిచాడంటే మాత్రం ఎదుటివాడు జేబు తడుముకున్నట్టు బుర్ర తడుముకోవాల్సిందే.

ఒకసారి మద్రాసు నుంచి దిగిన బట్టల ఏజెంటు ఒకాయన, కోటూ టోపీ వేసుకుని, మాదన్న బండి ఎక్కాడు. మాదన్న చేతులు నలుపుకుంటూ, "సామీ, ఇది హొళగుంద పక్క పుట్టిన గుర్రం. తెలుగు తెల్దు, కన్నడమే. మీరు గూడా రొంత 'హోగప్పా, హోగు' అంటాండల్ల. ల్యాకుంటే బజారు నడుమ నిలబడి పోతాది" అన్నాడు. పాపం ఆయన బజారు పొడుగునా టోపీ పట్టుకుని "హోగప్పా, హోగు" అని అరుస్తూనే ఉన్నాడు. రెండు పక్కలా అంగళ్ళ వాళ్ళు కడుపులు పట్టుకున్నారు. నిజానికి ఆ గుర్రానికి తెలుగూ కన్నడమూ ఉర్దూ మూడూ తెలుసు. ఏ భాషలో చెప్పినా వినేది కాదు, అంతే.

ఇంటి పక్క మహాదేవమ్మనైతే ఇంకా ఏడిపించాడు. సర్కారు వాళ్ళు గట్టిగా కూసే కోళ్ళకు పన్ను వేస్తున్నారని చెప్పి, ఆవిడ చేత కోడిపుంజును గంప కింద మూయించాడు. సంగతి బయటపడ్డాక ఆవిడ కాలినుంచి తీసి విసిరిన మెట్టు మాదన్న వీపున పడింది. దానికి మాదన్న పెళ్ళాం తిప్పమ్మ, "ఇంగొక మెట్టు గూడా ఎయ్యక్కా, జత ల్యాకుంటే అది ఎవురికి పనికొస్తాది?" అన్నది. ఆ ఇంట్లో నవ్వించడం ఒక్కడి సొత్తు కాదు.

అప్పటికి ఆదోని బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసి కొంతకాలమే అయింది. కర్నూలు కొత్తగా రాజధాని అయింది. అంతకుముందు ఎప్పుడో ఒకసారి కనబడే మంత్రులు ఇప్పుడు దుమ్ము లేపుకుంటూ తరచుగా వస్తూ పోతూ ఉండేవారు.

ఒక పత్తి సీజనులో, పట్టపగలు, మాదన్న ఒక మిల్లు ముందు బండి నిలిపి గుర్రానికి ఉలవలు పెడుతున్నాడు. లోపల్నుంచి కేక వినబడింది. మహాదేవమ్మ ఆ మిల్లులో పత్తి గింజలు తీసే మిషను దగ్గర కూలికి పోయేది. చెయ్యి ఆ మిషనులో పడింది. నలుగురు ఆడవాళ్ళు ఆవిడను మోసుకొచ్చారు. ముఖం తెల్లబడి ఉంది. మాదన్నను చూసి తిట్టడానికి కూడా ఆవిడకు ఓపిక లేదు. అది చూసే మాదన్న గుండె జారిపోయింది.

ఈలోగా పక్కనే కిరాణా కొట్టు కృష్ణప్ప పరిగెత్తుకొచ్చాడు. ఈ కృష్ణప్ప చాలా మంచివాడు, ప్రమాదమంతా అక్కడే ఉంది. ఊళ్ళో ఎవరికి దెబ్బ తగిలినా ఆయన అంగడి వదిలేసి వచ్చేవాడు. ఒక చేతిలో సున్నం, ఒక చేతిలో పసుపు, మొలలో నశ్యం డబ్బా. చూపు సరిగా ఆనదు, అయినా ఎవర్నీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. "జరగండి, జరగండి" అంటూ గాయం నిండా సున్నం మెత్తి, నశ్యం చల్లి, మిల్లులో దొరికిన పురికొస తాడుతో మోచేతి కింద బిగించి కట్టేశాడు.

మాదన్న ఆవిడను ఎక్కించుకుని ఆసుపత్రికి బండి తోలాడు. మార్కెట్టు వీధిలో పత్తి బోరాల బండ్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా కిక్కిరిసి ఉన్నాయి. "అన్నా, తొలగండి! మనిషికి దెబ్బ తగిలిండాది!" అని గొంతు చించుకున్నాడు. ఎద్దుల కాడ నిలబడినవాళ్ళు తొలగలేదు సరిగదా, ఎవరికి, ఎక్కడ, ఎట్లా అని చూడటానికి బండి చుట్టూ మూగారు. ఒకాయన తన బావమరిదికి అట్లాగే తగిలిన దెబ్బ సంగతి మొదలుపెట్టాడు. "మాదన్న మాటలు ఇనాకండప్పా, మల్ల ఏదో ఏశం ఏస్తాండాడు" అని ఇంకొకడు అన్నాడు. ఆ మాట మాదన్నకు మెట్టు దెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

అంతలో వెనక నుంచి హారను మోత. పోలీసులు లాఠీలు ఊపుతూ వచ్చారు. "మంత్రిగారొస్తాండారు! తొలగండి!" అంతే. అరగంట నుంచి కదలని ఎద్దుల బండ్లు మురిక్కాలవలోకి దిగిపోయాయి. మనుషులు గోడలకు అతుక్కుపోయారు. వీధి నడిమి పాపిట తీసినట్టు తెరుచుకుంది. ఎవరో మంత్రిగారి కారు దుమ్ములో సర్రున పోయింది. దుమ్ము అణిగే లోపల మాదన్న దాని వెనకే గుర్రాన్ని దౌడు తీయించాడు. "ఇదెవర్రా?" అని ఒక కానిస్టేబులు అడిగితే, "మంత్రిగారి సుట్టాలు!" అని అరిచి ముందుకు పోయాడు.

ఊరి ఆసుపత్రిలో డాక్టరమ్మ అమృతవల్లి ఉండేది. పొట్టి మనిషి, మాట మిరపకాయ. పురికొస కోసి, సున్నమూ నశ్యమూ కడగడానికే ఆవిడకు చాలాసేపు పట్టింది. మహాదేవమ్మ ప్రాణం దక్కింది, మూడు వేళ్ళు పోయాయి. బయట కూలబడి ఉన్న మాదన్న ముందుకు డాక్టరమ్మ వచ్చి నిలబడింది.

"ఎవరు పూశారు ఆ సున్నం? గోడ అనుకున్నారా?"

"మా కృష్ణప్పన్న, తల్లీ. మంచి మనసుతోనే సేసినాడు."

"మంచి మనసు నాకు తెలియదు. శుభ్రమైన గుడ్డ తెలుసు. గాయం మీద గుడ్డ పెట్టి అరచేత్తో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకుని నేరుగా ఇక్కడికి తీసుకురా. ఏమీ పుయ్యొద్దు. తాడుతో బిగించొద్దు. ఇంకా ముందు వచ్చి ఉంటే ఆ మూడింట్లో ఒక్క వేలన్నా మిగిల్చేదాన్ని."

మాదన్న తల వంచుకుని విన్నాడు. మహాదేవమ్మకు తెలివి వచ్చాక ఆమె మంచం దగ్గరికి పోయి నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ కట్టు కట్టిన చెయ్యి చూసుకుని, మిగిలిన చూపుడువేలు కొంచెం కదిలించి, "యాలరా ఏడుస్తావు? నిన్ను బెదిరించేకి ఈ యేలు సాలులే" అన్నది.

మర్నాడు తెల్లవారగానే మాదన్న గుర్రాన్ని కడిగి, నొసట కుంకుమ పెట్టి, వాకిట్లో నిలబెట్టాడు. తిప్పమ్మను పిలిచి ఇంత బెల్లం తెమ్మన్నాడు.

"ఏం పండగని?"

"పేరు పెడతాండాను దీనికి. మంత్రి!"

తిప్పమ్మ గుర్రాన్ని కిందికీ పైకీ చూసింది. "సరిగ్గా కుదిరినాది. తినేదెక్కువ, ఇనేది తక్కువ" అని బెల్లం నోట్లో పెట్టింది. మంత్రి బెల్లంతో పాటు ఆమె పైట కొంగు కూడా నమిలాడు.

కొత్త పేరు పనికొచ్చే రోజు తొందరగానే వచ్చింది. మార్కెట్టులో జయన్న అనే హమాలీ మీద పత్తి బేలు దొర్లి, పిక్క చీరుకుపోయింది. మాదన్న బండి తెచ్చేసరికి కృష్ణప్ప అప్పటికే సున్నం కలుపుతున్నాడు. వద్దంటే ఆయన వినే రకం కాదు. వయసులో పెద్దవాడు, కసురుకోవడానికీ లేదు. మాదన్న చేతులు జోడించాడు.

"అన్నా, మొన్న డాక్టరమ్మ నీ గురించే అడిగినాది. దెబ్బను అదిమి పట్టేకి మంచి బలమైన సేతులు గావల్లంట. ఊర్లో అట్లా సేతులు యాడుండాయి, కృష్ణప్పన్నవి తప్ప?"

కృష్ణప్ప ఛాతీ పొంగింది. "డాక్టరమ్మే అన్నాదా?"

"పట్టుకో ఈ గుడ్డ. రెండు సేతులా అదుము. ఆసుపత్రి దాకా వదిలినావో, ఆమె నన్ను సంపుతాది."

కృష్ణప్ప సున్నం కింద పడేసి, జయన్న కాలు తన ఒళ్ళో పైకెత్తి పెట్టుకుని, రెండు చేతులా అదిమాడు. మాదన్న తిప్పమ్మకు తర్వాత చెప్పిన రహస్యం ఒకటే: "రెండు సేతులూ పనిలో ఉంటే నశ్యం డబ్బా ఎవురు తీస్తారే?"

బండి మార్కెట్టు వీధి మొదట్లోకి రాగానే మాదన్న లేచి నిలబడ్డాడు. గొంతు పోలీసు గొంతు చేసుకుని, "మంత్రిగారొస్తాండారు! తొలగండి! మంత్రిగారొస్తాండారు!" అని అరిచాడు. బండ్లు కాలవలోకి దిగాయి. తమలపాకుల అంగడివాడు లేచి నమస్కారం పెట్టాడు. గుర్రం తల ఎత్తుకుని, ఆ నమస్కారాలన్నీ తనకే అన్నట్టు నడిచింది. అవి దానికే మరి. వెనకాల జట్కాలో కాలెత్తుకుని జయన్న, ఆ కాలు పట్టుకుని కృష్ణప్ప కనబడేసరికి జనం నోళ్ళు తెరిచారు.

"మంత్రి యాడప్పా?" అని ఒకడు అడిగాడు.

"ఇదో, ముందర పోతాండాడు గదా! తోకుండాది సూడు!"

వీధంతా నవ్వింది. నవ్వుతూనే దారి ఇచ్చింది. జయన్న ఆసుపత్రికి చేరేసరికి నెత్తురు చాలావరకు నిలిచి ఉంది. డాక్టరమ్మ గుడ్డ తీసి చూసి, కుట్లు వేసి, "ఈసారి గోడ కాదు, కాలే తెచ్చావు" అన్నది. కృష్ణప్పతో, "బాగా పట్టుకున్నారు" అన్నది. ఆ ఒక్క మాటతో ఆయన ఆ సాయంత్రం అంగడికి వచ్చిన వాళ్ళందరికీ బెల్లం ముక్క పెట్టాడు.

ఆ తర్వాత దెబ్బలు ఆగలేదు. మిల్లులూ బండ్లూ ఎద్దుకొమ్ములూ ఉన్న ఊరు. అయితే దెబ్బ తగిలిన మనిషి ఆసుపత్రికి చేరే తీరు మారింది. గుర్రం సంగతి ఊరందరికీ తెలిసిపోయింది. తెలిసీ దారి ఇచ్చేవాళ్ళు, ఎందుకంటే అదొక ఆట అయింది. "మంత్రిగారొస్తాండారు" అన్న కేక వినబడితే చాలు, బండ్లవాళ్ళు ఎద్దుల్ని పక్కకు లాగేవాళ్ళు, అంగళ్ళవాళ్ళు వంగి వంగి దండాలు పెట్టేవాళ్ళు. "మంత్రికి మా వీధి దీపం సంగతి సెప్పు మాదన్నా!" అని అర్జీలు కూడా పెట్టేవాళ్ళు. మహాదేవమ్మ ఇంటింటా పాతచీరలు అడిగి తెచ్చి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, ముక్కలు చించి మార్కెట్టు వీధిలో అంగడికొక మూట ఇచ్చింది. మూట వద్దన్నవాడికి చూపుడువేలు చూపించేది. ఎవరూ రెండోసారి వద్దనలేదు.

ఇట్లా ఉండగా నిజం మంత్రిగారు మళ్ళీ వస్తున్నారన్నారు. మార్కెట్టు వీధి మొదట్లో వెదుళ్ళు పాతి, తెల్లగుడ్డ చుట్టి, పెద్ద స్వాగత తోరణం కట్టారు. ఆడవాళ్ళు ఎర్రనీళ్ళ హారతి పట్టారు. హారతి ఇచ్చే తొందరలో ఎవరి చెయ్యో తగిలి పళ్ళెం ఒరిగి, ఆ ఎర్రనీళ్ళు మంత్రిగారి తెల్ల ఖద్దరు చొక్కా కుడి చెయ్యి మీద పడ్డాయి. ఆయన మర్యాదస్థుడు, ఏమీ అనలేదు. కారెక్కి, అద్దం దించి, ఆ ఎర్రబడ్డ చెయ్యే బయటికి పెట్టి, పైకెత్తి జనానికి అభివాదం చేస్తూ కదిలారు.

ముందు నడుస్తున్న కానిస్టేబులు అరిచాడు. "మంత్రిగారొస్తాండారు! తొలగండి!"

వీధి ఒక్క రెప్పపాటులో తెరుచుకుంది. కానిస్టేబులు తన గొంతుకు తనే మురిసిపోయాడు. కానీ దండాలు పెట్టాల్సిన జనం మెడలు చాచి కారులోకి చూడసాగారు.

"ఎవురికప్పా తగిలిండేది?"

"సెయ్యి! సెయ్యి సూడు, నెత్తురు కారతాండాది!"

"పాపం, మంచి బట్టలు గూడా పాడైపాయ!"

కొట్టు ముందు నిలబడ్డ కృష్ణప్పకు గుర్రం లేదన్న సంగతి కనబడలేదు. పైకెత్తిన ఎర్రటి చెయ్యి ఒక్కటే కనబడింది. "ఎత్తి పట్టుకున్నాడంటే తెలిసినోడే" అని మెచ్చుకుంటూ, మూటలోంచి గుడ్డ లాగి, ఒక్క దూకున కారు పక్కకు వచ్చి, మంత్రిగారి చేతిని రెండు చేతులా పట్టి అదిమేశాడు. మంత్రిగారు "అయ్యో, అయ్యో" అన్నారు. "ఓర్చుకో నాయనా, ఆసుపత్రి ఈడే" అన్నాడు కృష్ణప్ప, కారుతో పాటు పరిగెత్తుతూ. ఎస్సై వచ్చి లాగితే, "వదిలితే డాక్టరమ్మ ఊరుకోదు!" అని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

కారు ఆగింది. కాసేపటికి అసలు సంగతి తేలింది, మాదన్నను రెక్క పట్టి తెచ్చి నిలబెట్టారు. వెనకే గుర్రమూ వచ్చింది, పిలవకపోయినా.

"ఈ గుర్రం పేరేమిటి?" అని మంత్రిగారు అడిగారు.

మాదన్నకు జీవితంలో మొదటిసారి నోరు తడబడింది. అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది. అటు చూస్తే స్వాగతం చెప్పే పెద్దమనుషుల పక్కన డాక్టరమ్మ నిలబడి ఉంది.

"మంత్రి, సామీ."

ఎస్సై చెయ్యి లాఠీ మీదికి పోయింది. డాక్టరమ్మ ముందుకు వచ్చింది. మార్కెట్టులో దెబ్బ తగిలినవాళ్ళు ఎట్లా వచ్చేవాళ్ళో, ఇప్పుడు ఎట్లా వస్తున్నారో, ఆసుపత్రికి బండి లేని చోట ఈ బండి ఏం చేస్తోందో నాలుగు ముక్కల్లో చెప్పింది. "పేరు నేను పెట్టలేదు. కానీ ఆ పేరు లేకపోతే దారి దొరకదు" అని ముగించింది.

మంత్రిగారు గుర్రాన్ని పరికించి చూశారు. "బాగా పనిచేస్తాడా?"

"దాణా ఏస్తే సేస్తాడు సామీ."

ముందు మంత్రిగారే నవ్వారు. ఆయన నవ్వాక మిగతా పెద్దమనుషులకు కూడా నవ్వొచ్చింది. ఎస్సైకి అందరికన్నా చివర వచ్చింది.

"నీకేం కావాలో అడుగు" అన్నారు మంత్రిగారు.

తిప్పమ్మ గుంపులోంచి కళ్ళతోనే ఇల్లు, పొలం అన్నీ చూపించింది. మాదన్న తోరణం వైపు చూశాడు. "మీరు పోయినాక ఆ ఎదుర్లు, ఆ గుడ్డ ఇప్పీండి సామీ. ఇరిగిన కాళ్ళకు బద్దలు కట్టేకి డాక్టరమ్మ ఎప్పుటినుంచో అడుగుతాండాది."

తోరణం ఆ రోజే దిగింది. వెదుళ్ళు చీల్చి, నునుపు చేసి, చేతికి సరిపోయేవి, కాలికి సరిపోయేవి కోశారు. ప్రతి జట్కాలోనూ సీటు కింద ఒక జత పెట్టారు. విరిగిన ఎముకను లాగి సరిచెయ్యకుండా, ఉన్నది ఉన్నట్టే బద్దలకు కట్టి కదలకుండా తేవడం ఎట్లాగో డాక్టరమ్మ జట్కావాళ్ళను కూర్చోబెట్టి నేర్పింది. నేర్పేటప్పుడు కాలు విరిగినవాడి వేషం మాదన్నది. వాడు పెట్టిన పెడబొబ్బలకు వార్డులో రోగులు భయపడి లేచి కూర్చున్నారు.

ఈ కబురు ఎమ్మిగనూరు దాకా పోయింది. అక్కడ మహానంది అనే జట్కావాడు చేనేత బట్టల మూటలు బస్సు దగ్గరికి చేరవేసేవాడు. మాదన్నకు సరిజోడు. ఒకరోజు ఆదోని వచ్చి, అంతా చూసి, బద్దలు కట్టడం నేర్చుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడు ఎమ్మిగనూరు జాతరకు మాదన్న తిప్పమ్మనూ కృష్ణప్పనూ మహాదేవమ్మనూ ఎక్కించుకుని బయలుదేరాడు. నేతపనివాళ్ళ వీధి ఒకటి, బండి పట్టేంత సందు. మాదన్న దర్జాగా లేచి, "మంత్రిగారొస్తాండారు!" అన్నాడు. దెబ్బ తగిలినవాళ్ళెవరూ లేరు. ఊరికే, అత్తగారి ఊరు కాబట్టి.

ఎదుటి నుంచి ఇంకొక గొంతు వినబడింది. "ముఖ్యమంత్రిగారొస్తాండారు! తొలగండి!"

మహానంది! ముందు ఒక బొల్లిగుర్రం, వెనక బండిలో, మగ్గం సామాను దించుతూ అటక మీంచి పడి కాలు విరిగిన నేతగాడు. కాలికి వెదురు బద్దలు ఒద్దికగా కట్టి ఉన్నాయి. ఆసుపత్రికి పోవడానికి ఆదోని బస్సు అందుకోవాలి. మాదన్న మహానందిని చూశాడు, బద్దలు చూశాడు, నేతగాడి ముఖం చూశాడు. కళ్ళెం వెనక్కి లాగాడు. మంత్రి ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు.

"దిగండి, దిగండి!" అన్నాడు మాదన్న. అందరూ దిగి, బండిని ఎత్తినంత పని చేసి పక్కనే ఉన్న ఒక ఇంటి వాకిట్లోకి తిప్పారు. ఆ వాకిట్లో ఆ ఇల్లాలు ఉచ్చీరమ్మ నూలుకు పెట్టడానికి కాచి చల్లార్చిన గంజి కాగు ఉంది. మంత్రి అందులో మూతి పెట్టాడు.

"ఎవుర్దిరా ఈ గుర్రం?" అని ఉచ్చీరమ్మ చీపురు తిరగేసింది.

సందులోంచి మహానంది బండి గలగలా పోతోంది. పోతూ పోతూ మహానంది తల తిప్పి, "దండం పెట్టన్నా, పెద్దోల్లు పోతాండారు!" అన్నాడు. మాదన్న మనస్ఫూర్తిగా రెండు చేతులూ జోడించాడు. చేతులు జోడించి ఉండగానే చీపురు వీపున పడింది.

ఆ నేతగాడు నెలలు గడిచాక మళ్ళీ మగ్గం గుంతలోకి కాళ్ళు దించాడు. ఉచ్చీరమ్మ కోపం మాత్రం అంతకన్నా ఆలస్యంగా తగ్గింది. తగ్గాక ఆ వీధివాళ్ళు మగ్గం మీద మిగిలిన తెల్లగుడ్డ పీలికలన్నీ ఉతికి, మడిచి, బస్సులో ఆదోని ఆసుపత్రికి పంపడం మొదలుపెట్టారు. మొదటి మూట తీసుకోవడానికి మాదన్నే బస్సు స్టాండుకు పోయాడు. గుర్రాన్ని మాత్రం ఇంటి దగ్గరే కట్టేసి, నడిచి పోయాడు. ఆ మూటతో పాటు ఉచ్చీరమ్మ కూడా దిగుతుందేమోనని భయం.